జరగని వార్తల డబ్బా

పత్రికాఫీసుల్లో ఒక పద్ధతి ఉంటుంది. బయటివాళ్ళకు చెబితే నమ్మరు, నమ్మినా నవ్వుతారు. ఫలితం సరిగ్గా పేజీ మూసే వేళకు తేలుతుందనుకున్నప్పుడు, ఆ వార్తను ముందే రెండు రకాలుగా రాసి పెట్టుకుంటారు. గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి. బతికితే ఒకటి, పోతే ఒకటి. ఈ కథ జరిగిన ఆఫీసులో వాటిని 'అయితే' కాపీ, 'కాకపోతే' కాపీ అనేవాళ్ళు. ఫలితం రాగానే పనికొచ్చింది పేజీ ఎక్కుతుంది. పనికిరానిదాన్ని రాసినవాడే తన చేత్తో చింపి బుట్టలో వెయ్యాలి. ఒకసారి ఎవరో చింపడం మరిచిపోతే, ఎన్నికల్లో చిత్తుగా ఓడిన పెద్దమనిషికి మర్నాడు పొద్దున్నే ఆ పత్రిక ఒక్కటే ఘనవిజయం కట్టబెట్టింది. అప్పట్నుంచి చింపడం దగ్గర ఎవరికీ మినహాయింపు లేదు. కంప్యూటర్లు వచ్చాక కూడా పాతవాళ్ళు కాయితం మీద ప్రింటు తీసుకుని, దిద్దుకుని, ఆ కాయితాన్నే చింపేవాళ్ళు.

ఆ పద్ధతిలో ముప్ఫై ఏళ్ళు నలిగిన మనిషి గానీ గారు. అసలు పేరు ఆయన భార్యకూ, జీతాలు ఇచ్చే గుమాస్తాకూ తప్ప ఎవరికీ గుర్తు లేదు. ప్రతి గురువారం ఆయన రాసే కాలమ్ పేరు 'అది సరే గానీ'. జనమంతా చప్పట్లు కొట్టే సంగతి ఏదైనా సరే, ఆ గురువారం ఆయన అది సరే గానీ అని మొదలుపెడతాడు. మాట్లాడే యంత్రాలు, డ్రైవర్ లేని కార్లు, చంద్రుడి మీద కాలనీలు, దేన్నీ వదల్లేదు. 'మన వీధికి బస్సు ఎప్పుడొస్తుందో చెప్పలేని యంత్రం చంద్రుడి మీద తన చోటు తానే చూసుకుని దిగుతుందట, వినడానికి ముచ్చటగానే ఉంది' అని రాస్తే, ఆ బస్సు కోసమే నిలబడ్డవాళ్ళు చదువుకుని పగలబడి నవ్వారు. జనాన్ని నవ్వించడం ఒక జబ్బు. ఒకసారి పట్టుకుంటే వదలదు, అందులోనూ అది మెచ్చుకోలుతో కలిసి వచ్చినప్పుడు.

చంద్రుడి మీద దిగబోయే ఆ యంత్రానికి కన్ను తయారు చేసింది ఆయన సొంత చెల్లెలు. ఈ కథంతా అక్కడే ఉంది.

చెల్లెలు ఆయనకన్నా పద్నాలుగేళ్ళు చిన్నది. తండ్రి లేడు. తల్లి ఆసుపత్రిలో నర్సు, మధ్యాహ్నం డ్యూటీకి వెళితే పొద్దుపోయాక గానీ ఇల్లు చేరేది కాదు. అందుకని ఆయన బడి వదిలే వేళకు వెళ్ళి చెల్లెల్ని ఆఫీసుకు తెచ్చుకుని, తన బల్ల కింద చాప వేసి కూర్చోబెట్టేవాడు. ఆ బల్ల కింద ఆ పిల్లకు బొమ్మలు దొరకలేదు, చిత్తుకాయితాల బుట్ట దొరికింది. చింపేసిన కాపీల ముక్కలు ఏరి, నేల మీద పరిచి, అంచుకు అంచు కలిపి, జిగురు పెట్టి అతికించేది. అతికించినవాటిని ఖాళీ బిస్కెట్ డబ్బాలో దాచేది. పేజీలు కట్టే ఆయన ఆమెకు డబ్బా పాప అని పేరు పెట్టాడు.

"ఏంటమ్మలూ ఇవన్నీ?" అని అన్నయ్య ఒకరోజు వంగి చూశాడు.

"జరగని వార్తలు," అంది ఆ పిల్ల, తల ఎత్తకుండా.

ఆ డబ్బాలో ఓడిన జట్టు గెలిచింది. మునిగిన పడవలోని వాళ్ళంతా ఒడ్డున కూర్చుని తలలు తుడుచుకుంటున్నారు. కూలిన గనిలోంచి పదకొండు మంది తమ కాళ్ళ మీద తాము నడిచి బయటికి వచ్చారు. ఆ గని కాపీ అంటే ఆమెకు ప్రాణం. పదకొండు మందిలో ఒకడు బయటికి రాగానే ముందు మంచినీళ్ళు అడగలేదని, తన చెప్పులు ఎక్కడున్నాయని అడిగాడని గానీ గారు అందులో రాశాడు. ఊహించి రాశాడు. అసలు ఆ గనిలోంచి ఎవరూ రాలేదు.

"ఎవరు గెలుస్తారో నీకు ముందే తెలుసంటావుగా అన్నయ్యా, మరి రెండోది ఎందుకు రాస్తావు?" అని ఆమె ఒకసారి అడిగింది.

"తెలుసనిపిస్తుందమ్మలూ, అంతే. తెలుసనిపించినప్పుడే రెండోది ఇంకా మనసు పెట్టి రాయాలి. అది రాయలేని రోజు నేను ఈ పనికి పనికిరాను," అన్నాడు ఆయన. అప్పటికి ఆయన వయసు ఇరవై మూడు. ఆ వయసులో ఇలాంటి మాటలు తడుముకోకుండా వచ్చేస్తాయి.

ఆయన ఆమెకు నేర్పిన చదువల్లా ఒక్క ప్రశ్న. వాన పడుతుందంటే, ఎలా తెలుసు? టీచరుకు నేనంటే ఇష్టమంటే, ఎలా తెలుసు? కొన్నాళ్ళకు పిల్ల అన్నయ్యను మించిపోయి, వాళ్ళమ్మ కూర ఉడికిందన్నా ఎలా తెలుసని అడిగి మొట్టికాయలు తింది. ఆ ప్రశ్న పట్టుకునే పెద్ద చదువులు చదివింది, అంతరిక్ష కేంద్రంలో ఉద్యోగం తెచ్చుకుంది. తల్లి పోయింది. చెల్లెలు పెళ్ళి ఊసెత్తనివ్వలేదు. ఎవరైనా అడిగితే, "మా కన్ను చూపు కుదిరాక చూద్దాం," అనేది.

ఆ కన్ను సంగతి కూడా చెప్పాలి. చంద్రుడి అంచున ఎండ ఏటవాలుగా పడుతుంది. చిన్న రాయికి కూడా బారెడు నీడ. పైనుంచి చూస్తే ఆ నీడ అచ్చం గుంటలాగే ఉంటుంది. గుంటలో కాలు పెడితే యంత్రం బోల్తా పడుతుంది, నీడను చూసి భయపడి పక్కకు పోతూ ఉంటే ఇంధనం అయిపోతుంది. గుంటేదో నీడేదో యంత్రం తనంతట తాను తేల్చుకోవాలి, అదీ క్షణంలో. చెల్లెలు ఆరేళ్ళు దాని మీదే కూర్చుంది. సెలవు రోజుల్లో అన్నయ్య ఇంటికి వచ్చి, వదిన వంటింట్లో పెద్ద పళ్ళెం నిండా పిండి పోసి, గరిటె వెనక్కి తిప్పి గుంటలు చేసి, పక్కన చిన్న రాళ్ళు పెట్టి, టేబుల్ లైటు పడుకోబెట్టి ఫోటోలు తీసేది. వదిన జల్లెడ ఒకటి ఆ పనిలో శాశ్వతంగా పోయింది. "చంద్రుడి మీదికి పోయిందిలే," అని వదిన నవ్వి ఊరుకుంది.

భోజనాల దగ్గర అన్నాచెల్లెళ్ళు పోట్లాడుకునేవాళ్ళు.

"అది సరే గానీ," అనేవాడు అన్నయ్య అలవాటుగా, "నీ యంత్రం తప్పు చేసిందనుకో. ఎందుకు చేశావే అని అడిగితే చెప్పగలదా? పోనీ ఎవరు జవాబు చెప్తారు? ఈ కొత్త యంత్రాలన్నిటితో నా పేచీ అదే. తీర్పు చెప్తాయి, కారణం చెప్పవు."

"మిగతావాటి సంగతి నాకు తెలీదు. నాది చెప్తుంది. చూసిన ప్రతి మచ్చకీ ఇది నీడ, ఇందుకు నీడ అని రాసుకుంటుంది. అది రాసుకోవడానికే నాకు రెండేళ్ళు పట్టింది. ఆ మాట నీ కాలమ్‌లో ఎప్పుడూ రాయవేం?"

"రాస్తే కాలమ్ చప్పబడిపోతుందమ్మా."

ఆయన నవ్వాడు, ఆమె నవ్వింది, వదిన కూడా నవ్వింది. ఆ మాటకు నవ్వి ఉండకూడదని తర్వాత ముగ్గురికీ అనిపించింది గానీ, నవ్వే వేళకు ఏం తెలుస్తుంది.

యంత్రం దిగే రోజుకు ముందు ఆదివారం ఆమె చేతులు కడుక్కుంటూ అంది: "అన్నయ్యా, బుధవారం పన్నెండున్నరకి. ఎలాగూ రెండూ రాస్తావుగా. అది దిగాక, కూలిందని నువ్వు రాసిన కాపీ నాకివ్వాలి. పటం కట్టించి మా గదిలో పెట్టుకుంటా. ముందే చెప్తున్నా, చింపితే ముక్కలైనా ఇవ్వాలి."

"కూలితేనో?"

"కూలితే దిగిందని రాసింది ఇవ్వు." ఆమె తువ్వాలుతో చేతులు మెల్లగా తుడుచుకుంది. "డబ్బాలో చోటుంది."

ఇస్తానని ఆయన మాట ఇచ్చాడు.

మంగళవారం పొద్దున ఆయన 'కాకపోతే' కాపీ రాశాడు. చెయ్యి ఆగలేదు. ఇన్నేళ్ళుగా అంటున్నదంతా వరసగా వచ్చి కూర్చుంది. గొప్పలు ముందూ పని వెనకా అయితే ఇలాగే ఉంటుందని, మనిషి తన తెలివిని అప్పజెప్పి చేతులు దులుపుకుంటే నేల మనకోసం మెత్తబడదని రాశాడు. చివర్లో ఒక వాక్యం కుదిరింది: 'గుంటకూ నీడకూ తేడా తెలియని కంటికి మనం చంద్రుణ్ణి చూపించాం.' ఆ వాక్యాన్ని మూడుసార్లు చదువుకుని ముచ్చటపడ్డాడు. అది ఎవరి కన్నో ఆయనకు తెలియక కాదు. దిగితే ఎలాగూ పేజీ ఎక్కనిదే కదా అని సర్ది చెప్పుకున్నాడు. కూలితే ఏ కారణానికి కూలుతుందో తనకు ముందే ఎలా తెలుసని మాత్రం తనను తాను అడగలేదు. చెల్లెలికి నేర్పిన ప్రశ్న తనకు గుర్తు రాలేదు.

తర్వాత 'అయితే' కాపీ మొదలుపెట్టాడు. 'దిగింది' అని ఒక్క మాట రాసి ఆగిపోయాడు. టీ తాగి వచ్చాడు. కిటికీలోంచి చూశాడు. మళ్ళీ వచ్చి ఆ ఒక్క మాటా చెరిపేశాడు. అప్పుడే ఎడిటరు అటుగా వెళ్తూ, "రెండోదానికి మీరెందుకండీ ఆయాసపడటం, అవసరమైతే యంత్రం రాసేస్తుంది, అర నిమిషం పని," అన్నాడు. ఆఫీసులో వార్తలు రాసే యంత్రం వచ్చి ఏడాదైంది. దాన్ని దుమ్మెత్తిపోస్తూ గానీ గారు మూడు కాలమ్‌లు రాసి ఉన్నాడు. ఆ రోజు మాత్రం "అలాగే కానివ్వండి," అని కుర్చీలోంచి లేచాడు. ఆ కాపీ అక్కరకు రాదని ఆయనకు అంత గట్టి నమ్మకం.

బుధవారం మధ్యాహ్నం ఆఫీసంతా టీవీ ముందు మూగింది. కేంద్రంలోని పెద్ద గది, వరసలుగా మనుషులు. రెండో వరసలో చెల్లెలు, జడ ముడిలో పెన్సిలు గుచ్చుకుని. ఎత్తు చెప్పే అంకె తగ్గుతూ వస్తోంది. ఎనిమిది వందలు, నాలుగు వందలు, నూట యాభై. వంద దగ్గర ఆమె కుర్చీలోంచి సగం లేచింది. అంకె నలభై దగ్గర ఆగింది. ఆగి, అలాగే ఉండిపోయింది. యంత్రం నుంచి ఇక సంకేతం లేదు. టీవీలో వ్యాఖ్యానం చెప్పే అమ్మాయి మాట వెతుక్కుంది. చెల్లెలు చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి, దాని తీగను జాగ్రత్తగా చుట్టి, బల్ల మీద పెట్టింది.

"గానీ గారూ, 'కాకపోతే' వేసెయ్యనా?" అని పేజీలు కట్టే ఆయన కేకేశాడు.

"వెయ్యి."

గురువారం దాకా ఆగకుండా, నాలుగు నిమిషాల్లో కాలమ్ పత్రిక వెబ్‌సైటు ఎక్కి జనంలోకి వెళ్ళిపోయింది. మిగతా పత్రికలు ఇంకా ఏమైందని అడుగుతుంటే ఈ పత్రిక ఎందుకైందో కూడా చెప్పేసింది. ఎడిటరు వచ్చి భుజం తట్టాడు. పేజీలు కట్టే ఆయన మాత్రం అలవాటు చొప్పున చిత్తుబుట్టను కాలితో ముందుకు జరిపాడు.

"రెండోది చింపెయ్యండి మరి."

"రాయలేదయ్యా."

ఆయన తలెత్తి చూశాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన వినలేదు. "మన డబ్బా పాప పని కదండీ ఇది," అన్నాడు, ఇంకేమీ అనలేక.

ఆ చివరి వాక్యానికి కాళ్ళొచ్చాయి. సాయంత్రానికి టీవీలో నలుగురు కూర్చుని 'తేడా తెలియని కన్ను' అని ఒకటికి పదిసార్లు అన్నారు. మర్నాడు మంత్రిగారు అదే మాట చట్టసభలో చదివి, బాధ్యుల్ని వదిలిపెట్టేది లేదన్నారు. గానీ గారు చెల్లెలికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. శుక్రవారం వదిన చేసినా ఎత్తలేదు. శనివారం పొద్దున ఇక ఉండబట్టలేక ఆయనే వెళ్ళాడు.

చెల్లెలిది మూడో అంతస్తు, రెండు గదులు. తలుపు తీసి, "రా అన్నయ్యా," అంది మామూలుగానే. కళ్ళు మాత్రం లోపలికి పోయి ఉన్నాయి. బాల్కనీలో పిండి పళ్ళెం అలాగే ఉంది, మీద పాత చీర కప్పి. టీ పెట్టి తెచ్చి ఎదురుగా కూర్చుంది.

"నిన్న మావాళ్ళు లెక్కలన్నీ విప్పి నాకూ పంపారు," అంది. "ఇంజిన్‌కి ఇంధనం పోయే గొట్టంలో ఒక కవాటం ముందే మూసుకుపోయింది. నలభై మీటర్ల దగ్గర. కన్ను తప్పేం లేదు."

ఆయన కప్పు ఎత్తబోయి మళ్ళీ కింద పెట్టాడు.

"ఇంకోటి చెప్పనా? దిగే చోటికి ఎడమ పక్కన ఒక రాయి ఉంది, నీడ వంకీలాగా తిరిగి ఉంది. ఎవరికైనా గుంటే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కన్ను నీడ అని రాసుకుంది. ఎందుకు నీడో కూడా రాసుకుంది, అంచు ఒక వైపే పదును అని. నేను నేర్పిందే." ఆమె బాల్కనీలోని పళ్ళెం వైపు చూసింది. "అంత బాగా చూసింది అన్నయ్యా. పడిపోతూ కూడా చూస్తూనే ఉంది."

"మరి కేంద్రంలో పెద్దవాళ్ళకి చెప్పావా?"

"చెప్పడానికి నేను అక్కడ ఉండాలిగా. గురువారం సాయంత్రమే నన్ను పక్కన పెట్టారు. పై నుంచి ఒత్తిడట. వచ్చే ల్యాండర్‌కి కన్ను బయటి కంపెనీ దగ్గర కొంటున్నారు. శుక్రవారం లెక్క తేలినా గురువారం సంతకం గురువారం సంతకమే. మా పెద్దాయన ఫోన్లో బాధపడ్డాడు, పాపం."

ఎవరి వాక్యం పట్టుకుని ఒత్తిడి తెచ్చారో ఆమె అనలేదు. ఆయన కప్పులోని టీ చల్లారిపోయి మీగడ కట్టింది. కాసేపటికి ఆమె లేచి, అటక మీద నుంచి బిస్కెట్ డబ్బా దించి, తుడిచి, బల్ల మీద పెట్టింది.

"సరే, మాట ఇచ్చావుగా. దిగిందని రాసింది ఇవ్వు."

ఇప్పుడు చెప్పెయ్యాల్సింది. రాయలేదమ్మలూ అని ఒక్క మాట. ఆయన ఆ డబ్బా వైపు చూశాడు, చెల్లెలి మొహం వైపు చూశాడు, ధైర్యం చాలలేదు.

"చింపేశానమ్మా," అన్నాడు.

"ముక్కలైనా సరే. అతికించుకుంటా, నాకు కొత్తా ఏంటి." ఎన్నాళ్ళకో ఆమె కొంచెం నవ్వింది. "ఆ ఒక్కటీ చదువుకోవాలనుంది. నువ్వు దిగిందని రాస్తే ఎలా ఉంటుందో అని ఆరేళ్ళుగా అనుకుంటున్నా."

ఆదివారం పొద్దున్నే ఆయన ఆఫీసుకు వెళ్ళాడు. ముందు ఆఫీసు యంత్రం తయారు చేసిన కాపీ తీయించి చూశాడు. చరిత్ర, గర్వకారణం, నవశకం అని తప్పుల్లేకుండా ఉంది, మనిషి వాసన లేకుండా ఉంది. దాన్ని పక్కన పెట్టి తన కుర్చీలో కూర్చున్నాడు. 'దిగింది' అని రాశాడు. ఈసారి చెయ్యి ఆగలేదు. పిండి పళ్ళెం రాశాడు, పోయిన జల్లెడ రాశాడు. 'ఇన్నాళ్ళూ అది సరే గానీ అన్నవాణ్ణి, ఈ రోజు అది సరే అని ఆపేస్తున్నాను' అని రాశాడు. దిగే యంత్రం ఎలా దిగిందో, అడుగడుగునా ఏం చూసిందో కళ్ళకు కట్టినట్టు రాశాడు. రాస్తూ రాస్తూ కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో అంత మంచి కాపీ ఆయన చేతి నుంచి రాలేదు. దాని మీద మంగళవారం తేదీ వేశాడు. తర్వాత చదవకుండా ఎనిమిది ముక్కలు చేసి కవరులో పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున చెల్లెలు ఆ ముక్కల్ని బల్ల మీద పరిచింది. చిన్నప్పటిలాగే ముందు మూలలు వెతికి, తర్వాత అంచులు కలిపింది. ఆయన కిటికీ దగ్గర నిలబడ్డాడు. ముక్కలన్నీ కుదిరాక ఆమె వేలు వాక్యాల వెంట పెట్టి చదవడం మొదలుపెట్టింది. జల్లెడ దగ్గర నవ్వింది. అది సరే అన్న చోట పైటతో కళ్ళు ఒత్తుకుంది. ఆయన గుండె తేలికపడింది. పోనీలే, ఇదొక్కటైనా ఇవ్వగలిగాను అనుకున్నాడు.

వేలు ఒక చోట ఆగింది.

చాలాసేపు అక్కడే ఉంది. ఆమె ఆ వాక్యాన్ని పైకి చదివింది: "'ఎడమ పక్కన వంకీ తిరిగిన రాతి నీడను చూసి మనలాంటివాళ్ళం గుంటేనని గుండెలు బాదుకునేవాళ్ళం. ఆ కన్ను మాత్రం అంచు ఒక వైపే పదునుగా ఉందని చూసి, నీడేనని తేల్చుకుని తిన్నగా దిగింది.'"

తలెత్తి అన్నయ్య వైపు చూసింది.

"ఎలా తెలుసు?" అంది.

బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అది అందుకోవడం లేదు.

"ఆ నీడ సంగతి శుక్రవారం దాకా ఈ లోకంలో ఎవరికీ తెలీదు అన్నయ్యా. నేను నీకు శనివారం చెప్పాను. ఇక్కడ మంగళవారం అని ఉంది."

ఆయన వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "రాయలేదమ్మా," అన్నాడు. "ఆ రోజు రాయలేదు. ఒక్కటే రాశాను. ఇది నిన్న రాసింది. కానీ ప్రతి మాటా మనసులోంచి రాశానమ్మలూ, అది మాత్రం అబద్ధం కాదు."

"తెలుస్తూనే ఉంది. చాలా బాగుంది." ఆమె ముక్కల్ని ఒక్కొక్కటే తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చింది. డబ్బా మూత తెరిచే ఉంది, పైన గని కాపీ పసుపుపచ్చగా మారి కనిపిస్తోంది. ఆమె దాన్ని వేలితో తాకింది. "ఇందులో ఉన్నవన్నీ ఏం జరుగుతుందో తెలియకముందు రాసినవి. అందుకే దాచుకున్నా. వీళ్ళు వస్తారేమోనని ఒకరు కూర్చుని అనుకున్నారు కదా అని. ఇది దీంట్లో పెట్టలేను అన్నయ్యా." ముక్కలు మళ్ళీ కవరులో పెట్టి ఆయన చేతికిచ్చింది.

"సవరణ వేయిస్తాను. కన్ను తప్పు లేదని నా పేరు పెట్టి రాస్తాను."

"వేయించు. ఎన్నో పేజీలో?"

సవరణలు ఎక్కడ వేస్తారో ఇద్దరికీ తెలుసు. ఆరో పేజీ, కింద, వాతావరణం పక్కన.

"పోనీ, ఒక్కటి చెప్పు," అంది ఆమె. కోపంగా అనలేదు, బల్ల కింద కూర్చున్న పిల్ల అడిగినట్టే అడిగింది. "మనకేమీ కాని జట్లకి రాశావు. దొంగ నాయకులకి రాశావు. ఆ గనిలో వాళ్ళకి చెప్పులతో సహా రాశావు. అందరికీ రెండేసి రాశావు కదా అన్నయ్యా. నాకెందుకు రాయలేదు?"

"నాకు... అది కూలుతుందని తెలుసనిపించిందమ్మా."

ఇరవై మూడేళ్ళ కుర్రాడొకడు ఒకప్పుడు ఏమన్నాడో ఇద్దరికీ గుర్తుంది, ఇక అనడమెందుకు. డబ్బా మూత పెట్టి, అటక మీద పెట్టడానికి స్టూలు ఎక్కింది. ఆయన లేచి స్టూలు పట్టుకున్నాడు. ఆమె దిగాక కూడా కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

సవరణ గురువారం వచ్చింది, ఆరో పేజీలో, ఐదు వరసలు. ఆ గురువారం 'అది సరే గానీ' రాలేదు. తర్వాత కూడా రాలేదు. ఆయన రాజీనామా కాయితం ఇచ్చినప్పుడు ఎడిటరు కారణం అడిగాడు. పనికిరానండీ అని మాత్రం అన్నాడు. బల్ల సర్దుకుంటుంటే పేజీలు కట్టే ఆయన వచ్చి, చేతిలోని కవరు చూసి, అది చింపాలా అని అడిగాడు. ఇదివరకే చింపానని చెప్పి, ఆయన దాన్ని జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.